సూర్‌లో మూడు రోజుల మకాం

ఈ సంగతిలో ఎవరికీ ప్రాణాపాయం జరగలేదని ముందే చెప్పేస్తున్నాను. అది తప్ప మిగతావన్నీ జరిగాయి. పరువు పోయింది, సెలవులు పోయాయి, నా తెలివితేటల మీద నాకున్న మంచి అభిప్రాయం కూడా పోయింది. చివరిది ఇప్పటికీ తిరిగి రాలేదు.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. పెళ్లయి రెండేళ్లు. మస్కట్‌లో, ఘాలాలోని ఒక గోదాములో స్టోర్‌కీపర్‌ని. ఘుబ్రాలో ఒక బెడ్‌రూమ్ ఫ్లాటులో నేనూ, మా ఆవిడ స్వరూపా ఉండేవాళ్లం. గోదాముకు వచ్చే పెట్టెల మీది అరబ్బీ అక్షరాలను కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. 'ఈ వైపు పైకి ఉండాలి', 'పగిలే సరుకు', 'తడి తగలరాదు'. ఈ మూడు మాటలూ తడుముకోకుండా చదవగలను. మూడు మాటలు చదవడం వచ్చినవాడు ఆ భాషే వచ్చేసిందనుకోవడం ఆ వయసులో మామూలే. మీరు అనుకోలేదంటే మీ అదృష్టం.

స్వరూపకు ఒక అక్క ఉంది, అరుణ. షార్జాలో నర్సు. ఆమె భర్త గంగారాం అన్న అక్కడే ఒక కంపెనీలో ఫోర్‌మన్. మా వైపు తోడల్లుణ్ని సడ్డకుడంటారు. సడ్డకుడంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక్కమాటలో చెప్తాను: మనం చేసే ప్రతి పనినీ తన కళ్లతో ఒకసారి కొలిచి చూసే మనిషి. అత్తగారింట్లో నా భోజనం మీద కూడా ఆయన కొలత ఉండేది.

ఆ ఏడాది అరుణ వదినకు నిజామాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. నెలాఖరుకు షార్జా వదిలి వెళ్లిపోతుంది. నవంబరు సెలవులు కలిసొచ్చాయి కాబట్టి వెళ్లేముందు మూడు రోజులు మా దగ్గరికి వస్తామన్నారు. అక్కాచెల్లెళ్లు రెండేళ్లుగా గల్ఫ్‌లోనే ఉన్నా, ఒకరి మొహం ఒకరు చూసుకున్నది ఫోన్లోనే.

స్వరూప నన్ను అడిగింది ఒకే ఒక్కటి. "అక్కతోని కూసోని ముచ్చట పెట్టాలె. గది ఏడైనా సరే."

నేను ఆ మాటను సరిగ్గా వినలేదు. 'ఏడైనా సరే' అన్న ముక్క మాత్రం విన్నాను. విని, టూర్ ప్లాన్ వేశాను.

గంగారాం అన్న షార్జా నుంచి ఫోన్ చేశాడు. "తమ్మీ, మస్కట్ల మీ ఇల్లుంది గదా. గాడ్నే ఉందాం. పొద్దుగాల పోయి ఏదన్న సూసి, పొద్దుమూకే యాళ్లకు ఇంటికొద్దాం."

"అన్నా, మస్కట్ల అందరు ఉంటరు. మనం సూర్ల మకాం పెట్టుకుందాం."

"గదేడుంది?"

"సముద్రం ఒడ్డుకు, రెండు గంటల దారి. పాత పడవల ఊరు. గాడ ఉంటే వాగులు, గుట్టలు, తాబేళ్లు, అన్ని పక్కపొంటే. టూరిస్టులకు ఎవ్వలకు తెల్వదు."

"ఎవ్వలకు తెల్వదంటే ఏందో కారణం ఉంటది గద తమ్మీ."

ఆ మాటకు నేను నవ్వి ఊరుకున్నాను. ఇలాంటివాళ్లకు చెప్పినా అర్థం కాదనుకున్నాను.

పెద్ద నగరంలో కాకుండా పక్కనున్న చిన్న ఊళ్లో దిగి, అక్కడి నుంచి అన్నీ తిరిగి రావాలన్నది నా సిద్ధాంతం. ఇందులో ఇప్పటికీ తప్పు లేదనే అంటాను. సూర్ నిజంగా అందమైన ఊరు, చూడదగ్గవన్నీ దాని చుట్టూనే ఉన్నాయి. తప్పంతా సిద్ధాంతాన్ని అమలు చేసినవాడిది. పదకొండు ప్రదేశాలతో ఒక కాగితం తయారుచేసి, గోదాములో లామినేషన్ చేయించాను. ఏడు గంటల పది నిమిషాల నుంచి ఏడూ ఇరవై అయిదు వరకు టిఫిన్. ఏడున్నరకు బయల్దేరడం. స్వరూప మనసు నొప్పించకూడదని సాయంత్రం నాలుగున్నర నుంచి అయిదు వరకు 'ముచ్చట్లు' అని కూడా రాశాను.

ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "అర్ధగంటనా?" అంది.

"మిగిలింది కార్ల పెట్టుకోవచ్చు," అన్నాను.

ఇక హోటల్. ఇంగ్లీషులో వెతికితే అందరికీ దొరికేవే నాకూ దొరుకుతాయి. అరబ్బీలో వెతికితే లోకల్ వాళ్లకు మాత్రమే తెలిసినవి దొరుకుతాయి. ఇది నా లెక్క. ఊరి పేరును అరబ్బీ అక్షరాల్లో టైపు చేశాను. మూడే అక్షరాలు. టైపు చేసి స్వరూప వైపు చూశాను. ఆమె ఉల్లిగడ్డలు కోస్తోంది.

దొరికింది! హార్బరు పక్కన పాత రాతి ఇల్లు, నీలం కిటికీలు, పొద్దున టిఫిన్‌లోకి ఆలివ్‌లు. ఊరి చివర పాతకాలపు రాతి స్తంభాల వరుస ఉన్న ఫోటో. ఒమాన్‌లో ఆరేళ్లుగా ఉంటున్నా ఆ స్తంభాల గురించి ఎవరూ చెప్పలేదు. నాకు అనుమానం రావలసిన చోటది. నాకు గర్వం వచ్చింది.

రెండు గదులు బుక్ చేశాను. ఫోన్ నంబరు చూసి స్వరూప అడిగింది: "ఇదేంది, ముందట అంకెలు వేరే ఉన్నయ్?"

"మంచి హోటళ్లకు గట్లనే ఉంటయ్."

ఇంత ధైర్యంగా అబద్ధం చెప్పానని మీరు అనుకోవద్దు. అది నిజమేనని ఆ క్షణంలో నేను కూడా నమ్మాను.

సెలవుల మొదటి రోజు మధ్యాహ్నం పన్నెండింటికి నలుగురం సూర్ చేరాం. కారు సముద్రపు రోడ్డు మీద ఆపాను. ఎండ నవంబరు ఎండలాగే హాయిగా ఉంది. అటూ ఇటూ చూశాం. రాతి ఇల్లూ లేదు, నీలం కిటికీలూ లేవు.

"ఏది తమ్మీ మన మకాం?" అన్నాడు గంగారాం అన్న. ఆయన కళ్లలో కొలబద్ద కనిపించింది.

"గీడ్నే ఉంటది. ఫోన్ చేస్త."

ఎత్తినవాడు పెద్దాయన. గొంతులోనే మర్యాద ఉంది. సగం ఇంగ్లీషు, సగం అరబ్బీ మాట్లాడాడు. మా సంభాషణను మీకోసం తెలుగులో ఇస్తున్నాను.

"రండి రండి, మీకోసమే చూస్తున్నాను. ఎక్కడిదాకా వచ్చారు?"

"ఊళ్లోకి వచ్చేశాం. సముద్రం పక్కన రోడ్డు మీద ఉన్నాం."

"చాలా మంచిది. హార్బరు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"చిన్న చిన్న పడవలు?"

"బోలెడున్నాయి."

"చేపల మార్కెట్టు దాటారా?"

"ఇప్పుడే దాటాం."

"లైట్‌హౌస్ కనిపిస్తోందా?"

"ఎదురుగానే ఉంది."

"అయితే వచ్చేసినట్టే! నేను లైట్‌హౌస్ దగ్గరే ఉన్నాను. చెయ్యి ఊపుతున్నాను, చూడండి."

నేను లైట్‌హౌస్ వైపు చూశాను. దూరంగా ఒకాయన తెల్ల దుస్తుల్లో నిలబడి ఉన్నాడు. నేను చెయ్యి ఊపాను. ఆయన కూడా ఊపాడు.

"అగో, ఊపుతుండు!" అన్నాను. గంగారాం అన్న కూడా చెయ్యెత్తి ఊపాడు. వెనక సీట్లోంచి అక్కాచెల్లెళ్లు కూడా ముచ్చట ఆపకుండా, అటు చూడకుండానే ఊపారు. దూరంగా ఉన్నాయన ఈసారి రెండు చేతులూ ఊపాడు. ఒమానీలు మర్యాదస్థులు. ఎవరు ఊపినా ఊపుతారు. ఆ సంగతి నాకు తర్వాత గుర్తొచ్చింది.

"మీరు కనిపించారు," అన్నాను ఫోన్లో. "తెల్ల బట్టల్లో ఉన్నారు కదా?"

"కాదే. నేను కోటు వేసుకున్నాను."

"కోటా?"

"మీదే కారు?"

"తెల్ల కారు. ఎదురుగా ఆపాను."

"ఇక్కడ తెల్ల కారేమీ లేదే. సరే, మీరు దిగకండి, తడిసిపోతారు. నేనే గొడుగు తీసుకొస్తున్నాను."

"గొడుగెందుకు?"

"వాన పడుతోంది కదా బాబూ!"

నేను కిటికీ అద్దం దించి చెయ్యి బయట పెట్టాను. గంగారాం అన్న కూడా అటువైపు అద్దం దించి చెయ్యి బయట పెట్టాడు. మా ఇద్దరి అరచేతుల్లోనూ ఎండే పడింది.

"ఇక్కడ వాన లేదండీ," అన్నాను.

"కుండపోతగా పడుతోంది!"

ఆయనే ముందు తేరుకున్నాడు. వయసులో పెద్దవాడు కదా.

"బాబూ, ఏమీ అనుకోకండి. మీరు ఏ దేశంలో ఉన్నారు?"

"ఒమాన్‌లో."

"మేం లెబనాన్‌లో ఉన్నామండీ."

తర్వాత తెలిసిన సంగతి ఇప్పుడే చెప్తాను. లెబనాన్‌లో కూడా సముద్రం ఒడ్డున ఒక సూర్ ఉంది. దానికీ హార్బరుంది, చేపల మార్కెట్టుంది, లైట్‌హౌస్ ఉంది. అరబ్బీలో రెండింటికీ అవే మూడక్షరాలు. ఇంగ్లీషులో మాత్రం రెండూ వేరువేరుగా రాస్తారు. అంటే, అరబ్బీ రానివాడెవడూ ఈ తప్పు చెయ్యలేడు. దీన్ని చెయ్యడానికి కొంత చదువు కావాలి.

పెద్దాయన నొచ్చుకున్నాడు, నాకోసమే. "పోనీ, సాయంత్రానికి రాగలరా?" అని అడిగాడు. మర్యాదకే అడిగాడో, నిజంగానే ఆశపడ్డాడో నాకు ఈనాటికీ తెలియదు. రాలేమని చెప్పి పెట్టేశాను.

ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"ఏమన్నడు తమ్మీ?" అన్నాడు గంగారాం అన్న.

"హోటల్ కొంచెం దూరమట."

"ఎంత దూరం?"

నేను స్టీరింగ్ వైపు చూస్తూ చెప్పాను. "ఫ్లైట్ల పోవాలె."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. సీటు బెల్టు తీసి, మళ్లీ పెట్టుకుని, "మస్కట్ల మీ ఇల్లు ఉండె గదా," అన్నాడు. అంతే. ఆ మాట ఆ రోజు మొత్తం నా చెవుల్లో తిరుగుతూనే ఉంది.

ఊళ్లోని హోటళ్లన్నీ తిరిగాం. సెలవులు కదా, నెల ముందే నిండిపోయాయి. ఒకచోట రిసెప్షన్ కుర్రాడు నా లామినేషన్ కాగితాన్ని చూసి, "ఇంత బాగా ప్లాన్ చేసుకుని రూము బుక్ చేసుకోలేదా సర్?" అన్నాడు. చేసుకున్నానని చెప్పలేదు. ఎక్కడని అడుగుతాడు.

బజారులో కారు ఆపాను. స్వరూప వెనక్కి మస్కట్ పోదామంది. నేను పోవద్దన్నాను. "రూము దొరుకుతది, నా మాట ఇను."

"నీ మాట ఇనే గద గీడికొచ్చినం!" అన్నాడు గంగారాం అన్న. అప్పటికి ఆయన ఓపిక కూడా అయిపోయింది. ఇద్దరం రోడ్డు మీద నిలబడి గొంతులు పెంచాం. మా వెనక ఒక దర్జీ షాపు తలుపు తెరుచుకుంది. మెడలో టేపు వేసుకున్న ఒకాయన బయటికొచ్చాడు.

"ఏం సామీ, ఎండలో ఎందుకు కొట్లాడుకుంటాండారు? లోపలికొచ్చి కొట్లాడుకోండి. ఏసీ ఉండాది."

తెలుగు! ఆయన పేరు బాషా. కడప మనిషి. పదహారేళ్లుగా సూర్‌లో ఆడవాళ్లు ఒంటినిండా వేసుకునే నల్ల అబాయాలు కుడుతున్నాడు. మేం లోపలికెళ్లి కూర్చున్నాం. జరిగింది నేను చెప్పలేదు. గంగారాం అన్న చెప్పాడు, చెయ్యి ఊపడంతో సహా. బాషా కత్తెర పక్కన పెట్టి, గోడకు తల ఆనించి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. తర్వాత మేడ మెట్ల వైపు తిరిగి భార్యను కేకేశాడు.

"షంషాద్! ఇధర్ ఆ! ఈ సామి రూము లెబనాన్‌లో బుక్ చేసినాడంట!"

ఆమె దిగొచ్చి, నా వైపు ఒక్కసారి చూసి, నన్ను వదిలేసి ఆడవాళ్ల దగ్గరికి వెళ్లింది. "అక్కా, పైకి రాండి. మొహాలు ఎట్ల వాడిపోయినాయో సూడు. అన్నం తిని, పైన మాతో పడుకోండి. మొగోళ్లు కింద షాపులో పడుకుంటారులే."

వద్దన్నాం. మొహమాటపడ్డాం. షంషాద్ అవేవీ వినిపించుకునే మనిషి కాదు. అలా నా మకాం సిద్ధాంతం అమల్లోకి వచ్చింది. సముద్రతీరపు చిన్న ఊళ్లో, దర్జీ షాపులో.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి షాపులో ఒక ఒమానీ పెద్దామె నిలబడి ఉంది. గుడ్డ కత్తిరించే బల్ల మీద గంగారాం అన్న నల్లటి గుడ్డ మెడదాకా కప్పుకుని గుర్రు పెడుతున్నాడు. ఆమె ఆ గుడ్డను వేళ్లతో పట్టి చూసి, బాషాను అరబ్బీలో అడిగింది. ఇది నాకు నిజంగానే అర్థమైంది.

"ఇది నా గుడ్డ కదా?"

"మీదేనమ్మా."

"లోపల ఎవరు?"

"మా చుట్టాలు."

ఆమె ఒక క్షణం ఆలోచించింది. "పాపం, లేపకు. సాయంత్రం వస్తాను," అని వెళ్లిపోయింది.

ఏడూ ఇరవై అయిదుకు నేను కాగితం పట్టుకుని మేడ మీదికి వెళ్లాను. కుట్టుమిషను చుట్టూ ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. జాకెట్టు ముక్కలు పరిచి ఉన్నాయి. ఎవరిదో పెళ్లి గురించి అరుణ వదిన చెప్తోంది, స్వరూప కడుపు పట్టుకుని నవ్వుతోంది. పెళ్లయ్యాక ఆమె అంతలా నవ్వడం నేను చూడలేదు.

"టైమైంది," అన్నాను.

"మీరు పోయి రాండి మరిదీ," అంది వదిన, తలెత్తకుండానే. "మేం రేపొస్తం."

అలా పదకొండు ప్రదేశాలకు నేనూ, గంగారాం అన్నా బయల్దేరాం. ఇద్దరమే. ఒకరి పొడ ఒకరికి గిట్టని ఇద్దరు సడ్డకులం.

వాదీ షాబ్ అనే కొండలోయలో పడవ మీద వాగు దాటి, కొండల మధ్య గంటసేపు నడిచాం. పచ్చటి నీళ్ల మడుగులు. ఈత ఇద్దరికీ రాదు. మోకాళ్ల లోతులో నిలబడి ఒకరి ఫోటో ఒకరం తీసుకున్నాం. ఒక విదేశీ జంట మా ఇద్దర్నీ కలిపి తీస్తామన్నారు. భుజం మీద చెయ్యి వేసుకోమన్నారు. వేసుకున్నాం.

"మీరు అన్నదమ్ములా?" అని అడిగిందామె.

సడ్డకులు అన్నదానికి ఇంగ్లీషు నాకు తెలియలేదు. "మా భార్యలు అక్కాచెల్లెళ్లు," అన్నాను.

"ఓహో! వాళ్లెక్కడ?"

"దర్జీ షాపులో ఉన్నారు."

ఆమె మా ఫోన్ మా చేతిలో పెట్టి, గబగబా ముందుకు నడిచింది.

పెద్ద గుంటలో నీలం నీళ్లున్న చోటికి వెళ్లాం. ఫోటో. ఎడారి ఇసుక దిబ్బలకు వెళ్లాం. ఫోటో. లైట్‌హౌస్ దగ్గరికి కూడా వెళ్లాం. అక్కడ ఫోటో తీయనని గంగారాం అన్న పట్టుబట్టాడు.

రెండో రోజు సాయంత్రం చెక్క పడవలు తయారుచేసే చోటికి వెళ్లాం. నా కాగితంలో దానికి పదిహేను నిమిషాలిచ్చాను. సగం కట్టిన ఒక పెద్ద పడవ నీడలో కూర్చున్నాం. గంగారాం అన్న ఇసుకలో పుల్లతో గీతలు గీస్తూ అన్నాడు.

"అరుణ పోతే రూముల ఒక్కన్నే ఉండాలె తమ్మీ. పదేండ్లు అలవాటైపోయింది. డ్యూటీ నుంచి వస్తే ఎవ్వలుండరు."

"మస్కట్ రా అన్నా, సెలవు దొరికినప్పుడల్లా," అన్నాను.

"వస్త," అన్నాడు. "మీ ఇంట్లనే ఉంట గని."

ఆ పదిహేను నిమిషాలు గంటన్నరైంది. ఆ రోజుకు ఇంకా రెండు ప్రదేశాలు మిగిలిపోయాయి. నేను ఆయనకు ఆ సంగతి చెప్పలేదు. ఆయన కళ్లలో ఆ కొలబద్ద ఆ సాయంత్రం కనిపించలేదు.

మూడో రోజు వెళ్లిపోతుంటే షంషాద్ కళ్లొత్తుకుంది. అక్కాచెల్లెళ్లు కొత్త జాకెట్లు ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నారు. మూడు రోజుల్లో వాళ్లు ఆ మేడ దిగలేదు. తాబేళ్లనూ చూడలేదు, వాగులనూ చూడలేదు, ఇసుకనూ చూడలేదు. నేను తలవంచుకుని కారు నడుపుతున్నాను. వదినకు క్షమాపణ ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

ఆమే ముందు మాట్లాడింది.

"మరిదీ, టూరు మస్తు పెట్టినవ్. నా జన్మల గింత మంచిగ తిరగలే."

నేను అద్దంలోంచి చూశాను. వేళాకోళం కాదు. కళ్లు మెరుస్తున్నాయి.

"గని ఒక్కటి చెప్పు," అంది. "సముద్రం ఒడ్డు ఊరంటివి గదా. సముద్రం ఏ దిక్కుండె?"

కారు ఆ సమయానికి సముద్రం పక్కనే పోతోంది. గంగారాం అన్న కుడి చెయ్యి చాపి చూపించాడు. వదిన తల తిప్పి చూసింది.

"అగో," అంది. "మంచిగనే ఉంది." వెంటనే స్వరూప వైపు తిరిగి, "గా షంషాద్ చెప్పిన చేతి కుట్టు ఉంది సూడు..." అని అందుకుంది. మస్కట్ వచ్చేదాకా ఆ కుట్టు పూర్తి కాలేదు.

కాబట్టి నలుగురి ముందూ నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ ఊళ్లో మకాం పెట్టాలన్నా, ముందు ఆ ఊరు ఏ దేశంలో ఉందో చూస్తాను. తర్వాత నేను ఏ దేశంలో ఉన్నానో చూస్తాను. రెండూ ఒకటేనని పక్కనున్నవాళ్లు ఒప్పుకున్నాకే రూము బుక్ చేస్తాను. ఈ ప్రమాణాన్ని ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదని గర్వంగా చెప్పుకోగలను. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ నా చేతికి బుకింగ్ పని ఇవ్వలేదు.